సబ్బుపెట్టెలో సర్వైవల్ కిట్: మన కొండలకు ఏది పనికొస్తుంది, ఏది దండగ

ఫోన్లలో ఈమధ్య ఒక రకం వీడియోలు తెగ తిరుగుతున్నాయి. అరచేతిలో ఇమిడే రేకుడబ్బా మూత తీస్తారు. చేపల గాలాలు, ఉచ్చు తీగ, నిప్పు రాజేసే కడ్డీ, బుల్లి దిక్సూచి, మడతకత్తి ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఇది జేబులో ఉంటే అడవిలో తప్పిపోయినా బతికి బయటపడొచ్చని, ఇంట్లో ఉన్న సామానుతోనే చేసుకోవచ్చని చెబుతారు.

చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ డబ్బాను ఊహించుకున్నవాళ్ల కళ్లముందున్నది మంచు పడే అడవి. మన నెల్లూరు, ఒంగోలు వైపు ఉదయగిరి దుర్గం ఎక్కేవాళ్లకు, రాపూరు దగ్గర పెంచలకోన జలపాతం దాకా నడిచేవాళ్లకు, భైరవకోనకు, నెమలిగుండానికి, కార్తీకంలో వనభోజనాలకు పోయేవాళ్లకు ఆ సామానులో సగం అక్కరకు రాదు. ఇక్కడ అక్కరకొచ్చేవి కొన్ని అందులో అసలు కనబడవు. ఆ లెక్క ఎక్కడ తేడా కొడుతుందో, మన ఇళ్లలో దొరికేవాటితో ఏమాత్రం సరిచెయ్యొచ్చో చూద్దాం.

సర్వైవల్ కిట్ అంటే ఏది, ఏది కాదు

మూడు వేర్వేరు సంచులను జనం ఒకే పేరుతో పిలుస్తున్నారు. దెబ్బ తగిలితే కట్టుకట్టే సామాను ఫస్ట్ ఎయిడ్ పెట్టె. ఆధార్ కార్డులు, పాసుపుస్తకాలు, మందులు, టార్చి, రెండు జతల బట్టలు సర్దుకుని తుపాను కేంద్రానికి పట్టుకెళ్లేది ఇంకోటి. తీరప్రాంతం వాళ్లకు దాని గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. సర్వైవల్ కిట్ ఈ రెంటికీ భిన్నం. పగటి నడకకు పోయినవాడు దారి తప్పో, కాలు మడతపడో, వాగు అడ్డమొచ్చో ఒక రాత్రి బయట గడపాల్సి వస్తే, ఆ రాత్రి గట్టెక్కించడమే దాని పని.

జేబులో పట్టాలనే షరతు ఎందుకంటే, తప్పిపోయేవాడి దగ్గర సంచి ఉండదు. సంచి జీపులో ఉంటుంది, లేదా చెట్టుకింద వంటల దగ్గర ఉంటుంది. "ఇప్పుడే వస్తా" అని పది నిమిషాల కోసం పక్కకు పోయినవాడి ఒంటిమీద ఉన్నదే లెక్కలోకి వస్తుంది.

ఈ కిట్ల వెనక 'మూళ్ల సూత్రం' ఒకటి చెబుతారు. గాలి లేకుండా 3 నిమిషాలు, విపరీతమైన చలిలోనో ఎండలోనో రక్షణ లేకుండా 3 గంటలు, నీళ్లు లేకుండా 3 రోజులు, తిండి లేకుండా 3 వారాలు. ఇది గుర్తుపెట్టుకోవడానికి వీలుగా అల్లుకున్న లెక్కే తప్ప కొలిచి తేల్చింది కాదు. ఏది ముందు, ఏది వెనక అనే వరుస చెప్పడానికి బాగా పనికొస్తుంది. ఇందులో నీళ్లకిచ్చిన 3 రోజుల గడువు మాత్రం నీడపట్టున కదలకుండా కూర్చున్నవాడిది. రోహిణీ కార్తె ఎండలో కొండ దిగుతున్నవాడికి అంత వ్యవధి ఉండదు.

ఇక్కడి కొండల్లో మనిషిని దెబ్బతీసేవి

వెలుగొండలైనా, మార్కాపురం, గిద్దలూరు వైపున్న నల్లమలైనా చాలామటుకు ఆకురాల్చే అడవులు. ఫిబ్రవరి దాటాక నీడ పలచబడుతుంది, వాగులు ఎండి రాళ్లు తేలతాయి. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు వింత కాదు. ఆ ఎండలో ఎత్తుపల్లాల్లో నడిచే మనిషి గంటకు లీటరు దాకా చెమట పోగొట్టుకుంటాడు. చేతిలో లీటరు సీసా ఉందంటే గంట నడకకు సరిపడా ఉందని అర్థం. పొదుపు చెయ్యాల్సింది సీసాలో నీళ్లను కాదు, ఒంట్లో చెమటను. దాహమేస్తున్నా సీసా దాచుకుని ఎండలో నడిచేవాడికన్నా, ఉన్న నీళ్లు తాగేసి సాయంత్రం నాలుగు దాకా బండ నీడన కూర్చున్నవాడు మెరుగ్గా ఉంటాడు.

అవే కొండలు ఆర్నెల్లు తిరిగేసరికి ఇంకోలా ఉంటాయి. నెల్లూరు ప్రాంతానికి ఏడాదిలో ఎక్కువ వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. కార్తీక మాసం సరిగ్గా అప్పుడే వస్తుంది. కోనల్లోకి జనం పోయేదీ అప్పుడే. సాయంత్రం 5.40 ప్రాంతానికల్లా పొద్దు గుంకుతుంది. పొద్దున పాదాలు తడిసేలా దాటిన వాగు, పైన ఎక్కడో వాన పడితే సాయంత్రానికి దాటనివ్వదు. తడిబట్టలతో గాలికి కూర్చుంటే 20 డిగ్రీల్లో కూడా పళ్లు టకటకలాడతాయి.

అంటే ఇక్కడ ప్రమాదానికి రెండు రూపాలు. వేసవిలో ఎండ, దాహం. వానాకాలంలో తడి, చీకటి. రెండు కాలాల్లోనూ ఉండేవి కాలుజారడం, పాములు.

ఆకలి ఈ వరుసలో అట్టడుగున ఉంది. ఒక్క రాత్రి తిండి లేకపోతే నీరసం తప్ప ప్రాణానికి ముప్పు రాదు (షుగరు మందులు వాడేవాళ్ల సంగతి వేరు, వాళ్ల జేబులో తీపి ఉండాల్సిందే). కాబట్టి గాలాలు, దారాలు ముందు తీసి పక్కన పెట్టొచ్చు. ఉచ్చు తీగ విషయంలో ఇంకో చిక్కుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు పన్నడమూ వేటే, పన్నబోవడమూ వేటే. అడవిలో తనిఖీ చేసినప్పుడు జేబులో తీగచుట్ట దొరికితే, "వీడియోలో చూశాను సార్" అనే జవాబు ఎంతవరకు నిలబడుతుందో ఊహించుకోవచ్చు.

డబ్బా: రేకుదా, ప్లాస్టిక్‌దా

రేకుడబ్బా వైపు మాట్లాడేవాళ్ల వాదన బలమైనదే. అందులో నీళ్లు కాచుకోవచ్చు, మూత లోపలి మెరుపు అద్దంలా పనికొస్తుంది. మన ఇళ్లలో దానికి దగ్గరి వస్తువు పిల్లల స్నాక్స్ కోసం వాడే చిన్న స్టీలు డబ్బా. బిర్రుగా పట్టే మూత ఉంటే మరీ మంచిది. దాంతో ఇంకో లాభం, ఇసుక తవ్వొచ్చు. అదెందుకో కింద వస్తుంది.

ప్రయాణాలకు వాడే ప్లాస్టిక్ సబ్బుపెట్టె వైపు కూడా సబబైన కారణాలున్నాయి. సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు, 4 ఎత్తు ఉంటుంది. ప్యాంటు పక్కజేబులో పడుతుంది, తేలిక, తుప్పు పట్టదు. అడుగున నీళ్లు కారడానికి చిల్లులున్న రకం మాత్రం పనికిరాదు. మూత సందులోంచి తడి పోకుండా పాత సైకిల్ ట్యూబును అంగుళం వెడల్పున కోసి, ఆ రబ్బరు పట్టీని పెట్టె చుట్టూ తొడిగితే చాలు. ఆ పట్టీయే తర్వాత కట్టు కట్టడానికి, వానలో నిప్పు నిలబెట్టడానికి కూడా అక్కరకొస్తుంది. ట్యూబు ముక్క తడిసినా అంటుకుంటుంది. కంపు కొట్టినా మంట నిలుస్తుంది.

నా మొగ్గు వేసవికి స్టీలు డబ్బా వైపు, వానలకు సబ్బుపెట్టె వైపు. ఏదో ఒక్కటే అంటే సబ్బుపెట్టె. జేబులో గుచ్చుకోదు కాబట్టి జనం నిజంగా వెంట తీసుకుపోయేది అదే.

దొరకాలంటే వినబడాలి, కనబడాలి

తప్పిపోయినవాడు తనంతట తాను దారి కనుక్కోవడం వేరు, ఇతరులకు తాను దొరకడం వేరు. వీడియోలన్నీ మొదటిదాని మీద నడుస్తాయి. కానీ మన కొండల్లో ఎటు చూసినా కొన్ని కిలోమీటర్ల దూరంలో ఊరో, చేనో, గొర్రెల మందో, చెక్‌పోస్టో ఉంటుంది. నల్లమల నడిబొడ్డు వదిలేస్తే మనుషులకు మరీ దూరంగా పోయే చోట్లు తక్కువ. అందుకే ఇక్కడ ఎక్కువ పని రెండోదానితోనే.

తిరునాళ్లలో అమ్మే ప్లాస్టిక్ ఈల ఒకటి, కిట్ మొత్తంలో అతి చవకది, అన్నిటికన్నా విలువైనదీ అదే. కేకలు వేసే గొంతు అరగంటలో బొంగురుపోతుంది, దాహం ఇంకా పెరుగుతుంది. ఈల మనిషి గొంతుకన్నా దూరం పోతుంది, ఊదడానికి పెద్ద శక్తి అక్కర్లేదు. లోపల గోళీ ఉన్న రకం తడిస్తే ఒక్కోసారి మూగబోతుంది కాబట్టి, కొన్న రోజే గ్లాసు నీళ్లలో ముంచి తీసి ఊది చూడటం మేలు. వరసగా మూడుసార్లు ఊది, కాస్త ఆగి, మళ్లీ మూడుసార్లు. ఏదైనా మూడేసి సార్లు చేస్తే ఆపదకు గుర్తుగా చాలా దేశాల్లో తీసుకుంటారు. పొదల్లో ఎలుగుబంటి ఉంటే మనిషి వస్తున్న సంగతి దానికీ ముందే తెలుస్తుంది.

అద్దం పగటి వస్తువు. పాత ఫేస్‌పౌడర్ డబ్బాలో అతికించి ఉండే చిన్న గుండ్రటి అద్దం చాలు. ఒక చెయ్యి ముందుకు చాచి, రెండు వేళ్లు విడదీసి, ఆ సందులో దూరాన ఉన్న మనిషినో, వాహనాన్నో పెట్టుకోవాలి. రెండో చేతిలోని అద్దం కాంతిని ముందు ఆ వేళ్లమీద పడేలా తిప్పి, మెల్లగా అటూ ఇటూ ఊపితే తళుకు వాళ్లను తాకుతుంది. బోడిగుట్ట మీదైతే ఇది కిలోమీటర్ల కొద్దీ కనబడుతుంది. చెట్ల గుబురులో మాత్రం ఎందుకూ కొరగాదు.

రాత్రికి కీచైను టార్చి. వాటిలో కొన్ని రకాలు జేబులో నొక్కుకుని వెలుగుతూ ఉండిపోతాయి. బ్యాటరీకి, లోపలి రేకుకు మధ్య చిన్న కాగితం ముక్క దూర్చి ఉంచితే ఆ బెడద ఉండదు.

నీళ్ల లెక్క: కాచడం, బిళ్లలు, చెలమ

జేబు కిట్ అసలు లోటు బయటపడేది ఇక్కడే. నీళ్లు జేబులో పట్టవు. పట్టేది, దొరికిన నీళ్లను మోసుకునే సంచి, శుభ్రం చేసే మందు, అంతే.

మోయడానికి లీటరు నూనె ప్యాకెట్టు కవరు బాగా పనికొస్తుంది. పాల కవరుకన్నా మందం. మూల కత్తిరించి, వేడినీళ్లు, సబ్బుతో జిడ్డు వదిలేదాకా కడిగి, తిరగేసి ఆరబెట్టి మడిస్తే పెట్టె అడుగున కాగితంలా ఒదిగిపోతుంది.

శుభ్రం చెయ్యడం దగ్గర తలా ఒక మాట చెబుతారు. మరగకాచడం అన్నిటికన్నా నమ్మకమైనది. తెర్లుతూ ఒక్క నిమిషం మరిగితే రోగం తెచ్చే క్రిములు చస్తాయి. కానీ దానికి గిన్నె, నిప్పు రెండూ కావాలి. మెడికల్ షాపుల్లో దొరికే క్లోరిన్ బిళ్లలకు నిప్పుతో పనిలేదు. ఎన్ని లీటర్లకు ఒక బిళ్లో కంపెనీని బట్టి మారుతుంది, 20 లీటర్ల బిళ్ల తెచ్చి లీటరులో వేస్తే తాగలేం. కాబట్టి చీటీ మీద రాసిన కొలత కత్తిరించి బిళ్లతోపాటే పెట్టుకోవాలి. వేశాక అరగంట ఆగాలి. బురదనీళ్లలో క్లోరిన్ సరిగా పనిచెయ్యదు, ముందు తుండుగుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టాలి. కొన్ని మొండి పరాన్నజీవుల మీద అప్పటికీ పనిచెయ్యదు.

పారదర్శకమైన ప్లాస్టిక్ నీళ్ల సీసాలో తేరిన నీళ్లు నింపి మంచి ఎండలో 6 గంటలు పడుకోబెడితే సూర్యకాంతికే చాలా క్రిములు చస్తాయి. ఈ పద్ధతికి కావలసిన ఎండకు మనకు కరువు లేదు, 6 గంటలు ఆగే ఓపిక దాహంతో ఉన్నవాడికి ఉండాలి, అంతే. వీడియోల్లో మెచ్చుకునే పొటాషియం పర్మాంగనేటు అనే ఊదారంగు పొడి నా లెక్కలో చివరిది. గులాబీరంగు వచ్చింది కదా అని నీళ్లు శుద్ధి అయినట్టు కాదు, మోతాదు తప్పితే గొంతు మండుతుంది. పైగా అది చక్కెరలాంటి వాటితో కలిసి రాపిడి పుడితే అంటుకునే గుణం ఉన్నది, తిండి వస్తువుల పక్కన పెట్టదగింది కాదు. చిల్లగింజ అరగదీసి కుండలో వేస్తే బురద తేరుకోవడం మన పెద్దవాళ్లకు తెలిసిందే. అది నీళ్లను తేటపరుస్తుంది, తాగడానికి భద్రం అనిపించేంతగా క్రిములను చంపదు.

ఏ డబ్బాలోనూ పట్టని పద్ధతి ఒకటి మన దగ్గర ఉంది, చెలమ. పెన్నలో, గుండ్లకమ్మలో, మన్నేరులో ఇసుక తవ్వి ఊటనీళ్లు తోడుకోవడం ఈ జిల్లాల్లో తరతరాల అలవాటు. పైకి ఎండిన వాగులో కూడా మలుపు బయటి గట్టు కింద, పచ్చగా చెట్టు నిలిచిన చోట, ఇసుక తడిగా తగిలేదాకా తవ్వితే అడుగున నీళ్లు ఊరతాయి. మొదట ఊరినవి బురదగా ఉంటాయి, తోడి పారబోస్తే తర్వాతవి తేటగా వస్తాయి. స్టీలు డబ్బా చేతిలో ఉంటే పని త్వరగా అవుతుంది. రెండు మూడు అడుగులు తవ్వినా తడి తగలకపోతే వదిలెయ్యడం మంచిది, తవ్వడానికి కార్చే చెమట కూడా లెక్కలోదే.

మందూ లేదు, నిప్పూ లేదు, ఎదురుగా పశువులు దిగిన కుంట ఉంది. తాగాలా వద్దా? వద్దనేవాళ్లు విరేచనాలు పట్టుకుంటే ఉన్న నీరు కూడా పోతుందంటారు. తాగాలనేవాళ్లు, ఆ జబ్బు బయటపడటానికి సాధారణంగా ఒకట్రెండు రోజులు పడుతుంది, ఎండదెబ్బ ఈ సాయంత్రమే చంపుతుందంటారు. సాయం సాయంత్రానికి వస్తుందని తెలిసి నీడలో ఉన్నవాడికి మొదటి మాట సరిపోతుంది. తల తిరుగుతూ, మూత్రం ముదురుపసుపుగా మారి, చెమట కూడా రాని స్థితిలో ఉన్నవాడికి రెండోదే దిక్కు.

ఓఆర్‌ఎస్ గురించి రెండు ముక్కలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఉండే 20.5 గ్రాముల ప్యాకెట్టు లీటరు నీళ్లకు కొలిచింది. సీసాలో పావులీటరే మిగిలి ఉంటే మొత్తం పొడి అందులో కలపకూడదు, ఉప్పు ఎక్కువై దాహం పెరుగుతుంది. అందుకే 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు రెండు పెట్టుకోవడం నయం. కొనేటప్పుడు పొడిదే చూసుకోవాలి. తీపి పానీయాలకు ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి అమ్మడం మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపేసింది. ఇంట్లో చేసుకునే లెక్క లీటరుకు 6 తలకొట్టిన టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు.

నిప్పు: పూజగది సామాను, అడవి చట్టం

విదేశీ డబ్బాల్లో నిప్పు పుట్టించే సాధనాలు మూడేసి రకాలుంటాయి. అక్కడ రాత్రి చలి చంపుతుంది కాబట్టి అది న్యాయమే. మన దగ్గర మే నెల రాత్రి ఉక్కపోతలో మంట వెచ్చదనానికి పనిలేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా నేలంతా ఎండుటాకు పరుచుకుని ఉంటుంది, బోదగడ్డి మనిషెత్తున ఎండి ఉంటుంది. గాలి తిరిగితే, సాయం కోసం పెట్టిన మంట పెట్టినవాణ్నే చుట్టుముడుతుంది. అభయారణ్యంలో అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు పెట్టడం నేరం కూడా. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, గుండ్ల బ్రహ్మేశ్వరం ఆ కోవలోవే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చట్టం ఎవరు చూస్తారని కొందరంటారు. ఆ మాటలో నిజముంది, కానీ వేసవిలో ప్రాణానికి ముప్పు తెచ్చేది ఆ నిప్పే అయ్యే అవకాశం ఎక్కువ.

వానాకాలంలో తక్కెడ అటు తిరుగుతుంది. అప్పుడు పుల్లలు తడిసి అంటుకోవు, వెచ్చదనం అవసరం. ఇక్కడ మన పూజగది ఆదుకుంటుంది. కర్పూరం తడి పుల్లల మీద కూడా మంట నిలబెడుతుంది. దీపపు వత్తికి వాజలైన్ బాగా పట్టించి పెట్టుకుంటే, కొన్ని నిమిషాల పాటు కుదురుగా కాలుతుంది. కర్పూరానికి ఒక అవలక్షణం ఉంది, గాలి తగిలితే హరించుకుపోతుంది. మామూలు కాగితంలో చుట్టి పెడితే కొన్నాళ్లకు కాగితమే మిగులుతుంది. హోమియో మాత్రలు వచ్చే చిన్న ప్లాస్టిక్ సీసా దానికి సరైన ఇల్లు.

అగ్గిపుల్లల సంగతి కాస్త దగ్గరగా చూడాలి. పుల్ల తలలో పొటాషియం క్లోరేటు ఉంటుంది, పెట్టె పక్కపట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. ఒకటి లేకుండా రెండోది దండగ. పుల్లలు తీసుకుని పెట్టె పారేసినవాడు రాయి మీద ఎంత గీసినా వెలగదు. కొవ్వొత్తి వెలిగించి, ఒలికిన మైనంలో పుల్ల తలను ఒక్క క్షణం ముంచి తీస్తే పలచటి పొర పట్టుకుంటుంది. మంటకు దూరంగా ముంచాలి, లేకపోతే అక్కడే భగ్గుమంటుంది. గీసేముందు ఆ పొరను గోటితో గీకెయ్యాలి. పక్కపట్టీని కత్తెరతో కోసి, నల్లటి వైపు లోపలికి మడిచి, విడిగా చిన్న కవరులో పెట్టాలి. పుల్లలతో కలిపి పెడితే జేబులో రాపిడికే అంటుకోవచ్చు. మిగిలిన కొవ్వొత్తి తునక కూడా లోపలికే, అది వెలుతురూ ఇస్తుంది, మంటనూ నిలబెడుతుంది.

బ్లేడు, పాముకాటు

కత్తి లేని కిట్‌ను చాలామంది కిట్‌గానే ఒప్పుకోరు. అడవిలో కత్తికి ఉన్న ఉపయోగం కాదనలేం. కానీ రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి పోకూడదని అదే 1972 చట్టం చెబుతుంది. కొమ్మలు నరికే పని ఒక్క రాత్రి గడపడానికి దాదాపు ఉండదు. కవరు చించడానికి, గుడ్డ కొయ్యడానికి గెడ్డం గీసుకునే బ్లేడు సగం ముక్క, అంచుకు ఇన్సులేషన్ టేపు చుట్టి పెట్టుకుంటే సరిపోతుంది. నాలుగు పిన్నీసులు, ఒక సూది (ముల్లు తియ్యడానికి), బ్యాండ్‌ఎయిడ్‌లు దాని పక్కనే.

ఆ బ్లేడుతో చెయ్యకూడని పని పాము కరిచిన చోట గాటు పెట్టడం. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగూ మన ప్రాంతంలో ఉన్నవే. పింజరి విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది, గాటు పెడితే నెత్తురు ఆగదు. నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం కూడా చేటే. విరిగిన కాలికి కట్టినట్టు కర్ర ఆసరాతో కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చడమే వైద్యం. పాముకాటుకు జేబులో పట్టే మందు లేదు. ఆ పేరుతో అమ్మేవి కొనకపోవడమే మంచిది.

ఫోను ఉండగా ఇదంతా ఎందుకు

సబబైన ప్రశ్న. అత్యవసర నంబరు 112కు ఫోను చేస్తే, మన సిమ్ కంపెనీకి సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ టవరు అందుతుంటే కాల్ దాని మీదుగా పోగలదు. మాట అందని చోట ఎస్ఎంఎస్ ఒక్కోసారి జారుకుంటుంది. జీపీఎస్‌కు సిగ్నల్ అక్కర్లేదు, మ్యాపులో మన నీలిచుక్కను నొక్కి పట్టుకుంటే అక్షాంశ రేఖాంశాల అంకెలు కనబడతాయి. వాటిని ఎస్ఎంఎస్‌లో పంపితే వెతికేవాళ్ల పని సగం తగ్గుతుంది. ఈ విషయంలో సబ్బుపెట్టెకన్నా ఫోనే శక్తిమంతం.

అయితే దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కితే చాలాచోట్ల ఏ టవరూ అందదు. సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోను ఛార్జింగు ఉత్తపుణ్యానికి హరించుకుపోతుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, గంటకోసారి ఎత్తైన చోట తెరిచి చూడటం దానికి విరుగుడు. ముఖ్యమైన రెండు నంబర్లు కాగితం మీద పెన్సిలుతో రాసి పెట్టెలో ఉంచాలి. ఇప్పుడు ఇంట్లోవాళ్ల నంబరు కూడా ఎవరికీ కంఠతా రావడం లేదు.

రెండు సందర్భాల్లో పెట్టి చూస్తే

ఏప్రిల్, ఉదయగిరి దుర్గం. 1513లో ముట్టడి వేసిన కృష్ణదేవరాయలకే లొంగడానికి ఏడాదిన్నర పట్టిన కొండ అది. నలుగురు మిత్రులు ఎక్కుతున్నారు అనుకుందాం. ఒకతను కూలిన గోడ చూద్దామని పక్కకు పోయి బాట మరిచాడు. టైము పదకొండు, సీసాలో అర లీటరు. పెట్టె లేకపోతే కింద ఊరు కనబడుతోంది కదా అని నేరుగా దిగడానికి చూస్తాడు, ముళ్లపొదల మధ్య కాలుజారే చోటుకు చేరతాడు. పెట్టె ఉంటే? గోడ నీడన కూర్చుని ఈల. మిత్రులు దగ్గర్లోనే ఉంటారు కాబట్టి చాలాసార్లు కథ అక్కడితో అయిపోతుంది. కాకపోతే కింది రోడ్డు వైపు అద్దం, 200 మిల్లీలీటర్లలో ఓఆర్‌ఎస్, ఊరు దగ్గర కాబట్టి ఫోను. నిప్పు సామాను తెరవనే తెరవడు.

నవంబరు, కోనలో వనభోజనాలు. ఇద్దరు వాగు దాటి అవతలి గట్టున గుడి చూడబోయారు. తిరిగొచ్చేసరికి నీళ్లు మోకాలు దాటి ఉధృతంగా పోతున్నాయి. ఐదున్నర. అవతలి గట్టు అరిస్తే వినబడేంత దగ్గర, కానీ వాగు హోరులో కేక వినబడదు, ఈల కూడా వినబడకపోవచ్చు. అద్దానికి ఎండ లేదు. ఇక్కడ అక్కరకొచ్చేవి మొదటి సందర్భంలో మూలన పడున్నవి. టార్చితో మూడేసి మెరుపులు, పరుపు కొన్నప్పుడు వచ్చిన పెద్ద పాలిథిన్ కవరులోంచి చదరంగా కోసి మడిచి పెట్టుకున్న ముక్క, కర్పూరం, వత్తులు, కొవ్వొత్తి. కవరు కప్పుకున్నప్పుడు మొహం బయటే ఉండాలి. నీళ్లకు కరువు లేదు, చలికి ఉంది. తెల్లారేసరికి వాగు తగ్గొచ్చు, తగ్గాక దాటొచ్చు. చీకట్లో దాటబోవడం ఒక్కటే ఇక్కడ ప్రాణం తీసే నిర్ణయం.

డబ్బా వద్దనేవాళ్ల మాట

గొర్రెల కాపరులను అడిగితే నవ్వుతారు. గొంగళి, కర్ర, నీళ్లు, అగ్గిపెట్టె, సద్దిమూట, అంతే వాళ్ల సామాను. గొంగళి ఎండకు నీడ, వానకు గొడుగు, రాత్రికి పక్క. "నీళ్లు యాడుండాయో తెలీకుండా కొండెక్కేదేంది అబ్బయా?" అన్నది వాళ్ల ప్రశ్న. నల్లమలలో చెంచులకు ఏ కాలంలో ఏ గుండంలో నీళ్లు నిలుస్తాయో తెలుసు, ఆ తెలివిడి ముందు మన పెట్టె ఏపాటి? నిజమే, కానీ ఆ తెలివిడి పుట్టి పెరిగితే వచ్చేది. ఆదివారం నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో బయల్దేరినవాడికి అది అరువు దొరకదు. దొరికేది స్థానికుడైన ఒక తోడు మాత్రమే, ఆ తోడు ఉంటే పెట్టె తెరిచే అవసరం చాలామటుకు రాదు.

ఇంకో అభ్యంతరం, జేబులో కిట్ ఉందన్న ధీమాతో జనం పోకూడని చోటికి పోతారని. దీన్ని కొట్టిపారెయ్యలేం. రిజర్వు అడవిలోకి పోవడానికి అనుమతి ఇచ్చేది అటవీశాఖ, సబ్బుపెట్టె కాదు. అదీగాక తప్పిపోతే ఉన్నచోటే ఆగాలనే సలహా, మనం ఎటు పోయామో ఎవరికో ఒకరికి తెలిసి ఉంటేనే పనిచేస్తుంది. ఎవరికీ చెప్పకుండా పోయినవాడి కోసం వెతుకులాట మొదలయ్యేదే మర్నాడు. వాగు వెంట కిందికి దిగితే ఊరొస్తుందనే పాత మాట అలాంటివాడికి చివరి దారి. మైదానం అంచు గుట్టల్లో అది చాలాసార్లు నిజమవుతుంది. నల్లమల లోయల్లో అదే వాగు నిలువు బండల మీంచి దూకుతుంది, జంతువులూ దాహానికి అక్కడికే వస్తాయి.

ఎండకు పాడయ్యేవి, పిల్లల జేబులకు పనికిరానివి

కారు డాష్‌బోర్డులో వదిలిన పెట్టెలో మైనం కరిగి అన్నిటికీ అంటుకుంటుంది. బ్యాండ్‌ఎయిడ్ జిగురు వదులుతుంది, రబ్బరు పట్టీ పెళుసెక్కుతుంది. గ్యాసు లైటరైతే అంత వేడిలో పేలిపోవచ్చు కూడా. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి విప్పి చూస్తే సరిపోతుంది. ఎటూ కాలం మారుతుంది కాబట్టి ఉగాదికి పాలిథిన్ ముక్క తీసి ఇంకో ఓఆర్‌ఎస్, దసరాకు అది తీసి మళ్లీ పాలిథిన్ పెట్టుకోవచ్చు. క్లోరిన్ బిళ్లల గడువు తేదీ, టార్చి బ్యాటరీ అప్పుడే చూసుకోవాలి.

పిల్లలకు ఈ పెట్టె ఇవ్వకూడదు. బ్లేడు, అగ్గిపుల్లలు సరే, కర్పూరం బిళ్ల మింగినా పసివాళ్లకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. వాళ్లకు కావలసింది మెడలో దారానికి ఒక ఈల, చొక్కాజేబులో అమ్మానాన్నల నంబర్లున్న చీటీ, "మేం కనబడకపోతే ఉన్నచోటే చెట్టును పట్టుకుని నిలబడి ఊదు" అన్న ఒక్క మాట. ఆ ఈల శబ్దం ఎలా ఉంటుందో పెద్దవాళ్లు బయల్దేరేముందే ఒకసారి విని ఉండాలి. తిరునాళ్లలో అందరి పిల్లల మెడల్లోనూ అవే ఈలలు ఉంటాయి కాబట్టి ఎన్నిసార్లు ఊదాలో కూడా ఇంట్లోనే అనుకుని పోవాలి.